క్యాన్సరు పుట్టుకను ముందుగా ఊహించిన థియోడర్ బొవెరి

1914వ సంవత్సరమున జర్మనీలోని యేనా పట్టణమునుండి ఒక చిన్న గ్రంథము వెలువడినది. ప్రాణాంతకమైన కంతులు శరీరములో ఎట్లు పుట్టుచున్నవి అనునది దాని విషయము. వ్రాసినవాడు వైద్యుడు కాడు. రోగి నాడి పట్టినవాడు కాడు. కత్తి చేతబట్టి కంతిని కోసినవాడు కాడు. గుర్రపు ప్రేగులలోని ఏలికపాముల అండములను, సముద్రములోని ముండ్ల ప్రాణుల అండములను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు జీవితమును గడపిన జంతుశాస్త్ర పండితుడు. ఆ గ్రంథములోని సిద్ధాంతమును నిరూపించుటకు వలయు సాధనములు ఆనాటి లోకమున లేవు. అవి వచ్చువరకు వేచియుండుటకు గ్రంథకర్తకు ఆయుర్దాయమును లేదు. పుస్తకము వెలువడిన మరుసటి సంవత్సరమే అతడు కన్నుమూసినాడు. అయినను, పెద్దప్రేగులో పుట్టిన చిన్న పాలిప్ క్రమముగా క్యాన్సరుగా మారు విధమును నేడు వైద్యవిద్యార్థులకు బోధించునపుడు ఏ యే మెట్లు చెప్పుదురో, వానిలో పెక్కింటి జాడ ఆ చిన్న పుస్తకమున కనబడును. ఆ పండితుని పేరు థియోడర్ బొవెరి.

బొవెరి 1862 అక్టోబరు 12వ తేదీన బవేరియా రాజ్యములోని బాంబెర్గ్ పట్టణమున జన్మించినాడు. నలుగురు అన్నదమ్ములలో రెండవవాడు. తమ్ముడు వాల్టర్ యంత్రవిద్యలో ఆరితేరి, 1891లో స్విట్జర్లాండులోని బాడెన్ నగరమున చార్లెస్ బ్రౌనుతో కలిసి బ్రౌన్ బొవెరి అను విద్యుద్యంత్ర సంస్థను స్థాపించినాడు. కర్మాగారముల రూపమున తమ్ముని పేరు దేశదేశములకు పాకినది. అన్నగారి పేరు పాఠ్యగ్రంథములలో నిలిచినది.

మ్యూనిక్ విశ్వవిద్యాలయమున చేరినపుడు అతని మనస్సు మొదట చరిత్ర, తత్త్వశాస్త్రములమీద నుండెను. త్వరలోనే దానిని శరీరనిర్మాణ శాస్త్రము మీదికి మరల్చి 1885లో డాక్టరు పట్టమును పొందినాడు. సంగీతమందును, చిత్రలేఖనమందును అతనికి చక్కని ప్రవేశముండెను. సూక్ష్మదర్శినిలో చూచినదానిని కాగితముపై గీయుట ఆనాటి జీవశాస్త్రవేత్తకు నిత్యకృత్యము గనుక చిత్రకారుని చేయి అతనికి ఎంతయు ఉపకరించినది.

తరువాత రిచర్డ్ హెర్ట్‌విగ్ పండితుని శాలలో బొవెరి పని సాగినది. అతడు ఎన్నుకొన్న ప్రాణి గుర్రపు ఏలికపాము. దీనిని ఎన్నుకొనుటకు కారణమున్నది. ప్రతి జీవకణములోను కేంద్రకమొకటి యుండును. కణము రెండుగా చీలు సమయమున ఆ కేంద్రకములో దారపు ముక్కలవంటి క్రోమోజోములు స్పష్టమగును. మనుష్యుని కణములో ఇవి నలుబదియారు. అవి ఒండొంటితో పెనవేసికొనియుండుటచే ఆ కాలమున లెక్కించుటయే దుస్సాధ్యము. గుర్రపు ఏలికపాములోనో, జాతిభేదమునుబట్టి రెండు గాని నాలుగు గాని మాత్రమే యుండును. కొలదిమందియున్న ఇంటిలో ఎవరు ఎచ్చట నున్నారో తెలిసికొనుట సులభము గదా! 1883లో బెల్జియము పండితుడు వాన్ బెనెడెన్ ఈ ప్రాణిలోనే తండ్రినుండియు తల్లినుండియు సమానసంఖ్యలో క్రోమోజోములు సంతానమునకు వచ్చుచున్నవని చూపియుండెను. బొవెరి ఆ దారినే ఇంకను ముందునకు నడచినాడు.

కణవిభజన ముగియగానే క్రోమోజోములు కంటికి కనబడకుండ పోవును. మరల విభజన సమయమున ప్రత్యక్షమగును. నడుమ అవి కరగిపోవుచున్నవా, లేక దాగియున్నవా? నాటకశాలలో తెరవెనుకకు పోయిన పాత్రధారి మరణింపడు. తన వంతు రాగానే అదే వేషముతో రంగముమీదికి వచ్చును. క్రోమోజోముల సంగతియు అట్టిదేనని, అవి మాయమైనపుడు ఏ తీరున నుండినవో మరల ఆ తీరుననే వెలికి వచ్చుచున్నవని బొవెరి పరిశీలించి చెప్పినాడు. ప్రతి క్రోమోజోమునకు తనదైన స్థిరమైన ఉనికి యున్నదనుట దీని భావము. కణము చీలునపుడు ఇరువైపుల నిలిచి క్రోమోజోములను పంచెడి చిన్న బిందువులకు సెంట్రోసోములని 1888లో పేరు పెట్టినదియు అతడే.

1893లో, ముప్పదియొక్క సంవత్సరముల వయస్సు నిండకమునుపే, వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్య పదవి లభించినది. రెండేండ్ల పిమ్మట ఎక్స్ కిరణములను కనుగొనిన రోంట్‌జెన్ అచ్చటనే భౌతికశాస్త్రాచార్యుడు, బొవెరికి మిత్రుడు. గర్భస్థ పిండముల రచనను గూర్చిన పరిశోధనకు 1935లో నోబెల్ బహుమానమందిన హాన్స్ స్పేమన్ ఇతని శిష్యుడు. జీవితాంతము వరకు బొవెరి ఆ ఊరిని వీడలేదు.

1896లో అమెరికానుండి మార్సెల్లా ఓగ్రేడీ అను విదుషి వూర్జ్‌బర్గునకు వచ్చినది. 1863లో బోస్టను నగరమున పుట్టిన ఈమె, ఆ ఊరి ప్రసిద్ధ సాంకేతిక విద్యాలయమునుండి 1885లో జీవశాస్త్రమున పట్టభద్రురాలైన ప్రథమ మహిళ. తరువాత వాసర్ కళాశాలలో ఆ శాస్త్రమునే బోధించినది. జర్మను విశ్వవిద్యాలయములు స్త్రీలకు ఇంకను తలుపులు తెరువని కాలమది. మరుసటి యేట బొవెరి ఆమెను వివాహమాడినాడు. నాటినుండి ప్రయోగశాలయందును ఆమె అతనికి సహధర్మచారిణి అయినది. 1900లో జన్మించిన వారి ఏకైక పుత్రిక మార్గ్రెట్ పెద్దయైన తరువాత పత్రికారచయిత్రిగా పేరుగాంచినది.

ఇటలీలోని నేపుల్స్ సముద్రతీరమున ఆంటన్ డోర్న్ స్థాపించిన జంతుశాస్త్ర పరిశోధనాలయము ఆనాటి జీవశాస్త్రవేత్తలకు యాత్రాస్థలము. బొవెరి దంపతులు అచ్చటికి వెళ్ళి, ఒడలెల్ల ముండ్లతో బంతివలె నుండు సీ అర్చిన్ అను సముద్రప్రాణి అండములపై ప్రయోగములు చేసిరి. 1902లో ప్రకటింపబడిన ఆ ప్రయోగమే తరువాతి కథకంతకును మూలము. కావున దానిని కొంచెము వివరముగా తెలిసికొనవలెను.

సామాన్యముగా అండములో ఒక్క శుక్రకణము మాత్రమే ప్రవేశించును. తల్లివి పదునెనిమిది, తండ్రివి పదునెనిమిది, వెరసి ముప్పదియారు క్రోమోజోములతో పిండము ఆరంభమగును. శుక్రద్రవము మోతాదు మించినచో కొన్ని అండములలో రెండేసి శుక్రకణములు చొరబడును. అప్పుడు క్రోమోజోముల సంఖ్య ఏబదినాలుగగును. అంతటితో పోదు. ఒక్కొక్క శుక్రకణము వెంట వచ్చిన సెంట్రోసోము రెండుగా చీలుటచే, రెండు ధ్రువములుండవలసినచోట నాలుగు ధ్రువము లేర్పడును. క్రోమోజోములు నాలుగు వైపులకు లాగబడి, అండము ఒక్కమారుగా నాలుగు కణములుగా విడిపోవును. ఎవరి వంతునకు ఏవి వచ్చునో నియమము లేదు.

పదునెనిమిది పుటల పాఠమునకు మూడు ప్రతులు వ్రాయించి, కుట్టని ఆ కాగితములను గాలికి వదలి, నలుగురు విద్యార్థులను ఏరుకొనుడని చెప్పినట్లే ఇది. ఒకనికి అయిదవ పుట రెండుసార్లు వచ్చి తొమ్మిదవది అసలు రాకపోవచ్చును. వేరొకనికి దైవికముగా అన్ని పుటలును రావచ్చును. సున్నపుధాతువు లేని సముద్రజలములో ఈ కణములు ఒండొంటిని వీడిపోవును. బొవెరి ఆ ఉపాయముచే నాలుగు కణములను వేరుపరచి విడివిడిగా పెంచి చూచినాడు. మామూలు అండమునుండి వేరుచేసిన నాలుగు కణములు నాలుగును ఒకే తీరున పెరిగినవి. రెండు శుక్రకణములు సోకిన అండమునుండి తీసిన నాలుగును నాలుగు తీరుల పెరిగినవి. చాల భాగము వికృతమై నశించినవి. నాలుగు గాక మూడుగా మాత్రమే చీలిన అండములలో సరియైన పిండములు అధికముగా కనబడినవి. పంచుకొనువారు తగ్గినకొలది ఒక్కొక్కరికి పూర్తి పాఠము దక్కు అవకాశము హెచ్చును గదా!

క్రోమోజోములన్నియు ఒకదానివంటి ఒకటి కావనియు, ప్రతిదానికి ఒక్కొక్క విధి కలదనియు, సంఖ్య చాలినంత మాత్రమున కణము బ్రతుకదనియు, సరియైన కూర్పు కావలెననియు దీనివలన తేలినది. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో వాల్టర్ సట్టన్ అను యువకుడు మిడుతల కణములను పరీక్షించి, వంశలక్షణములను మోయునవి క్రోమోజోములేనని వాదించినాడు. అందుచేతనే ఆ సిద్ధాంతమునకు ఇరువురి పేర్లును కలిపి చెప్పుట ఆచారమైనది.

వేరొకడైనచో ఇచ్చటితో తృప్తి చెందియుండును. బొవెరి దృష్టి నశించిన కణములపై గాక, నశింపక మిగిలిన కణములపై పడినది. తప్పుడు కూర్పు వచ్చిన కణములలో అధికభాగము చనిపోవును, సరియే. ఎప్పుడో ఒక కణము చావక, తన చుట్టునున్నవారి కట్టుబాటును మాత్రము మరచి, ఎడతెగక చీలుచు పోయినచో ఏమగును? అది కంతి కాదా? 1890లోనే డేవిడ్ ఫాన్ హాన్సెమన్ అను వైద్యుడు క్యాన్సరు కంతులలో కణములు వంకరగా, అసమానముగా చీలుచుండుట చూచి వర్ణించియుండెను. ఈ అవకతవకయే వ్యాధికి మూలకారణమై యుండవచ్చునని బొవెరి 1902లోనే సూచించినాడు. వైద్యలోకము ఆ సూచనను అంతగా లక్ష్యపెట్టలేదు. కంతులను ఎన్నడును చికిత్సింపని జంతుశాస్త్రవేత్త మాటకు వైద్యులు ఏమి విలువ నిత్తురు?

పండ్రెండేండ్లు ఆ ఆలోచన అతనిని వీడలేదు. ఆరోగ్యము మొదటినుండియు అంతంతమాత్రము. 1912లో బెర్లినున క్రొత్తగా నెలకొల్పనున్న కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర పరిశోధనాలయమునకు అధ్యక్షుడుగా రమ్మని పిలుపు వచ్చినది. జర్మనీలో జీవశాస్త్రవేత్తకు అంతకు మించిన గౌరవము లేదు. దానికి ప్రణాళిక వేసినాడు. స్పేమన్, గోల్డ్‌ష్మిట్, వార్‌బర్గ్ వంటి సమర్థుల నెన్నుకొనుటలో ముఖ్యుడైనాడు. తుదకు 1913లో, దేహము సహకరింపక, ఆ పదవిని కాదన్నాడు. పెద్ద పదవిని మోయలేనని తెలిసికొనిన ఆ మనిషి, మిగిలిన కొద్దిపాటి శక్తిని వైద్యులు వలదన్న విషయముపై గ్రంథము వ్రాయుటకు వినియోగించినాడు.

ఆ గ్రంథములోని ముఖ్యాంశములివి. కంతి మొత్తము ఒకే ఒక కణమునుండి పుట్టును. కణము చీలుటను ప్రోత్సహించు క్రోమోజోములు కొన్ని, అడ్డగించునవి కొన్ని కలవు. ప్రోత్సాహము మితిమీరినను, అడ్డు తొలగినను కణము నిరంకుశమగును. కిరణములు, కొన్ని రసాయన ద్రవ్యములు ఈ క్రమమును చెరుపగలవు. కొన్ని కుటుంబములలో ఈ దౌర్బల్యము వారసత్వముగా రావచ్చును. నిరపాయమైన కంతి, మరికొన్ని మార్పులు చేరినకొలది అపాయకరముగా మారవచ్చును.

ఆ యేడే ఐరోపా మహాసంగ్రామము ప్రారంభమైనది. 1915 అక్టోబరు 15న, ఏబదిమూడవ జన్మదినము గడచిన మూడవనాడు, బొవెరి వూర్జ్‌బర్గున మరణించినాడు. భర్త పోయిన పిదప మార్సెల్లా కొంతకాలమునకు స్వదేశమునకు మరలి, న్యూ హేవెన్ నగరములోని ఆల్బర్టస్ మాగ్నస్ కళాశాలలో జీవశాస్త్రమును నెలకొల్పినది. అచ్చట బోధన సాగించుచునే ఆమె ఆ గ్రంథమును ఆంగ్లమున కనువదించినది. ఆ అనువాదము 1929లో బాల్టిమోర్ నగరమునుండి ప్రచురింపబడినది. 1950లో ఆమె మరణించునాటికిని సిద్ధాంతము నిరూపింపబడలేదు. మనుష్యుని క్రోమోజోములు నలుబదియారని సరిగా లెక్క తేలినది 1956లో. ఒక రకపు రక్తక్యాన్సరులో నిశ్చితమైన క్రోమోజోము లోపమును నోవెల్, హంగర్‌ఫర్డ్ అనువారు ఫిలడెల్ఫియాలో చూపినది 1960లో. కణమును అడ్డగించు జన్యువులు రెండు ప్రతులును పోయినపుడే కంటిలోని ఒక శైశవ క్యాన్సరు పుట్టునని నుడ్సన్ లెక్కకట్టి చెప్పినది 1971లో.

బొవెరి ఊహించిన మెట్లదారి ఎల్లరకు తేటతెల్లముగా కనబడినచోటు పెద్దప్రేగు. దానికి కారణమున్నది. ఇతర అంగములలో క్యాన్సరు తొలిదశలు లోలోపల దాగియుండును. పెద్దప్రేగులో అవి పాలిప్ అను పేర లోపలి పొరపై బుడిపెలై కనబడును. మలద్వారము చెంత రక్తనాళములు ఉబ్బుటచే వచ్చు మొలలు వేరు, ఇవి వేరు. కొన్ని పాలిప్‌లు పుట్టగొడుగువలె కాడతో వ్రేలాడును. కొన్ని చదునుగా అంటియుండును. లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో కత్‌బర్ట్ డ్యూక్స్ 1920 ప్రాంతములనుండి వీనిని పరీక్షించుచు, క్యాన్సరునకును వీనికిని సంబంధము కలదని ఎత్తిచూపినాడు. అదే ఆసుపత్రివారు 1975లో పాలిప్‌నుండి క్యాన్సరు వరకు గల క్రమమును విపులముగా ప్రకటించిరి.

ఇప్పుడు కణములోనికి పోయి చూతము. పెద్దప్రేగు లోపలి పొరలో లక్షలకొలది సన్నని గుంటలు కలవు. ఒక్కొక్కటి చిన్న బావివంటిది. బావి అడుగున మూలకణములు కలవు. అవి చీలగా పుట్టిన పిల్లకణములు గోడ వెంట పైకి ప్రాకుచు, చీలుట మాని, తమ పని నేర్చుకొని, నాలుగైదు దినములలో అంచు చేరి రాలిపోవును. పుట్టుకయు చావును సమతూకముగా నుండును.

ఈ తూకమును నిలుపు కావలివాడు అయిదవ క్రోమోజోముపై నున్న ఏపీసీ అను జన్యువు. చీలుమని కణమునకు ఆజ్ఞ నిచ్చు బీటాకెటెనిన్ అను పదార్థము పోగుపడకుండ ఇది ఎప్పటికప్పుడు అంతమొందించును. ఒక మూలకణములో ఈ జన్యువు రెండు ప్రతులును చెడినచో, ఆజ్ఞ ఎడతెగక మ్రోగుచుండును. పైకి వచ్చిన కణములును చీలుట మానవు, రాలవలసినవి రాలవు. పోగుపడిన ఆ కణములే చిన్న పాలిప్. పిమ్మట వానిలో ఒకదానియందు కేరాస్ అను జన్యువు చెడును. ఇది ప్రోత్సాహక జన్యువు. ఒక్క ప్రతి చెడినను చాలును, పెరుగుమను సంకేతము ఆరని దీపమగును. పాలిప్ లావెక్కును. తరువాత పదునెనిమిదవ క్రోమోజోములో భాగము పోయి మరియొక అడ్డు తొలగును. తుదకు పదునేడవ క్రోమోజోముపై నున్న పీ53 నశించును. గాయపడిన కణమును ఆపి, బాగుపరచుటకు వీలు లేనిచో చంపివేయు తలారి అది. తలారి లేని ఊరిలో దొంగలు నిర్భయులైనట్లు, విరిగిన క్రోమోజోములతోనే కణములు బ్రతికి, తమ పొర సరిహద్దును చీల్చుకొని లోపలి పొరలలోనికి దిగును. అంతవరకు పాలిప్ అనబడినది ఆ క్షణమునుండి క్యాన్సరు. అచ్చటినుండి శోషరస మార్గమునను, రక్తమార్గమునను కాలేయము వంటి అంగములను చేరును.

ఈ మెట్ల వరుసను 1988లోను 1990లోను క్రోడీకరించి చూపినవారు ఫియరన్, వోగెల్‌స్టైన్ ప్రభృతులు. వారు పనిచేసిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున్నది, మార్సెల్లా అనువాదము వెలువడిన బాల్టిమోర్ నగరముననే. ఏపీసీ జన్యువు 1991లో దొరకినది. ఆ జన్యువు ఒక ప్రతి చెడియే పుట్టినవారికి యౌవనముననే వందలు, వేలు పాలిప్‌లు లేచును; చికిత్స లేనిచో క్యాన్సరు ఇంచుమించు తప్పదు. వారసత్వమును గూర్చిన బొవెరి ఊహకు ఇది నిదర్శనము.

అయితే అతడు చెప్పినదంతయు అక్షరాల నిజమైనదని కాదు. అతడు ముఖ్యముగా పూర్ణక్రోమోజోముల పంపకముపై దృష్టి నిలిపినాడు. జన్యువులోని ఒక్క అక్షరము మారినను చాలునని అతని కాలమున తెలియుటకు వీలు లేదు. పెద్దప్రేగు క్యాన్సరులలో నూటికి సుమారు ఎనుబదియైదు క్రోమోజోముల అస్థిరతతో కూడినవి. అవి బొవెరి చిత్రమునకు సరిపోవును. మిగిలిన పదునైదింటిలో క్రోమోజోములు ఇంచుమించు సరిగనే యుండి, జన్యువులలోని వ్రాతతప్పులను దిద్దు యంత్రాంగము చెడియుండును. వాని దారి వేరు.

ఈ జ్ఞానమువలన రోగికి కలిగిన మేలేమి? పాలిప్‌లన్నియు క్యాన్సరులు కావు. అధికభాగము ఎన్నటికిని అటు పోవు. పోవునవియు సామాన్యముగా పదియేండ్లు, అంతకు పైబడియు కాలము తీసికొనును. మెట్లు పలుకావున సమయమును కలదు. 1970 ప్రాంతమున కొలొనోస్కోపుతో ప్రేగులోనికి చూచి, పాలిప్‌ను ఉచ్చు వేసి తీసివేయు పద్ధతి అమలులోనికి వచ్చినది. అట్లు తీసివేసినవారిలో క్యాన్సరు వచ్చుట బాగుగా తగ్గినదని 1993లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన చూపినది. నలుబదియైదవ యేటనుండియే పరీక్షలు ఆరంభింపవలెనని ఆ దేశపు నిపుణుల సంఘము 2021లో సిఫార్సు చేసినది. మలములో రక్తము కనబడినపుడు మొలలే యని సరిపెట్టుకొనక వైద్యుని సంప్రదించుట ఏ దేశమువారికైనను హితము.

బొవెరి తన జీవితకాలమున ఒక్క రోగిని బ్రతికింపలేదు. సీ అర్చిన్ అండములో నాలుగు వైపులకు చెదరిన క్రోమోజోములను చూచి, ఆ చిన్న ప్రాణినుండి మనుష్యుని కంతివరకు ఒకే నియమము నడచుచున్నదని తలచినాడు. ఆ తలపును పరీక్షకు పెట్టజాలనని యెరిగియు, తప్పైనచో నగుబాటు కలుగునని యెరిగియు, దానిని కాగితముపై పెట్టి పోయినాడు. భార్య దానిని వేరొక భాషలో నిలిపినది. పరీక్ష చేసినవారు ఆ తరువాత పుట్టినారు.